లాగ్ 8ఎక్స్ గ్రాఫ్: పైకి జరపాలా, అడ్డంగా కుదించాలా?

పాప నాన్న:
మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. వీక్లీ టెస్టులో ప్రశ్న: లాగ్ ఎక్స్ గ్రాఫ్ నుంచి లాగ్ 8ఎక్స్ గ్రాఫ్ ఎలా వస్తుంది? (ఆధారం 2. ఇక్కడ అందరూ అదే అనుకోండి.) "గ్రాఫ్ మొత్తాన్ని 3 యూనిట్లు పైకి జరపాలి" అని రాసి బొమ్మ గీసింది. సార్ సున్నా వేశారు. వై-అక్షం వైపు ఎనిమిదో వంతుకు కుదించాలట. రెండు రకాలుగా గీసి చూశాం, బొమ్మ ఒకటే వస్తోంది. పిల్లకి ఏం చెప్పను?

ట్యూషన్ మాస్టారు:
ఆ సార్ భయం నాకు తెలుసండీ. బ్రాకెట్ లోపల ఎక్స్‌ని 8తో గుణిస్తే కుదింపు, బయట 3 కలిపితే పైకి జరపడం. ఈ తేడా పిల్లల చేతికి అలవాటు కావాలి. సైన్ 2ఎక్స్ ఇస్తే ఎంత పైకి జరిపినా రాదు. పైగా బిందువులు వచ్చే దారి వేరు. కుదిస్తే (1, 3) దగ్గరికి (8, 3) వస్తుంది, పైకి జరిపితే (1, 0) వస్తుంది.

రిటైర్డ్ ఇంజినీర్:
మాస్టారూ, ఏ బిందువు ఏ దారిన వచ్చిందని ప్రశ్నలో అడగలేదు కదా. లాగ్ 8ఎక్స్ అంటే లాగ్ 8 + లాగ్ ఎక్స్, 2 × 2 × 2 = 8 కాబట్టి అది 3 + లాగ్ ఎక్స్. లాగ్ స్వభావమే అది. మా రోజుల్లో స్లైడ్ రూల్ (లాగ్ కొలతలున్న జారుడు స్కేలు) వాడేవాళ్లం. 2ని 3తో గుణించాలంటే పట్టీని పక్కకి జరపడమే. లాగ్ 2 పొడవుకి లాగ్ 3 పొడవు చేరి 6 దగ్గర తేలేది. గుణకారాల శ్రమ తగ్గించడానికే గణితజ్ఞుడు నేపియర్ 1614లో సంవర్గమానాల (అంటే లాగ్‌ల) పట్టికలు అచ్చువేశాడు. ఆ పిల్ల సరిగ్గా ఆ పనే చేసింది. సున్నా వేయడం అన్యాయం.

బీఎస్సీ అమ్మాయి:
నేనూ మార్కు ఇవ్వాలనే అంటాను, కానీ "లాగ్ 8 = 3 కాబట్టి" అన్న ఒక్క లైను రాసి ఉండాలి. అది లేకుండా అలవాటైతే రేపు లాగ్(ఎక్స్ + 8) ఇచ్చినా 3 పైకి అనేస్తారు. అది ఎడమకి 8 జరుగుతుంది, అసింప్టోట్ (గ్రాఫ్ తాకకుండా దగ్గరవుతూ పోయే గీత) ఎక్స్ = −8 దగ్గరికి పోతుంది. లాగ్(−8ఎక్స్) అయితే ఇంకా జాగ్రత్త. లాగ్(−8) అనేదే లేదు, కాబట్టి విడగొట్టకూడదు. గ్రాఫ్‌ని వై-అక్షానికి అవతలి వైపు తిప్పి, ఆ తర్వాత 3 పైకి జరపాలి. ఎక్స్ వర్గానికి లాగ్ ఇస్తే 2 లాగ్ ఎక్స్ అని రాసేసి ఎడమవైపు కొమ్మ మొత్తం పోగొట్టుకున్నవాళ్లు మా క్లాసులోనే ఉన్నారు.

ట్యూషన్ మాస్టారు:
ఆ లైను ఉంటే నేనూ పూర్తి మార్కు వేస్తాను. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. మా పిల్లలు ఎక్కువగా తడబడేది లాగ్(8ఎక్స్ − 16) దగ్గర. ముందు కుదించి, ఆపైన 16 కుడికి జరిపేస్తారు. 8ని బయటికి తీస్తే లోపల 8(ఎక్స్ − 2). కుడికి 2, పైకి 3, అసింప్టోట్ ఎక్స్ = 2. ఇక్కడ కుదింపు జోలికి పోకుండా మీ అమ్మాయి పద్ధతిలో వెళ్తే తప్పు జరగదు.

పాప నాన్న:
ఇప్పుడే పేపరు తీసి చూశాం. ఆ లైను ఉందండీ, కానీ జవాబులో కాదు, పక్కన రఫ్ వర్క్‌లో. దానికి మార్కు అడగొచ్చంటారా?