ఓబీ రాయిలో ఏటవాలు గీతలు: గోదావరి అప్పట్లో వెనక్కి పారిందా?

డంపర్‌మనిషి, గోదావరిఖని
పదకొండేళ్లుగా ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతున్నా. బొగ్గు పైనుండే తెల్లటి ఇసుకరాయిలో (తవ్వి తీసేసే ఈ పై రాయినే ఓబీ అంటాం) గీతలు అడ్డంగా కాకుండా ఏటవాలుగా, చాపలు ఒకదాని మీద ఒకటి వాల్చినట్టు ఉంటాయి. మొన్న సర్వే సారు "అది పాత ఏరు, అటు పారింది" అని మహారాష్ట్ర వైపు చెయ్యి చూపించి వెళ్లిపోయారు. గోదావరి వచ్చేదే అటునుంచి కదా! సరదాకి అన్నారా? మళ్లీ అడగాలంటే మొహమాటం.

రాళ్లపిచ్చి
సరదాకి కాదన్నా. ఎండాకాలం గోదావరిలో దిగి ఇసుక దిబ్బ చూడండి. నీళ్లు ఇసుకను మెల్లగా దిబ్బెక్కిస్తాయి, అంచు దాటగానే అది అవతలికి జారుతుంది. ఆ జారిన పొరలే మీ గీతలు. అవి ఎటు దిగితే ఏరు అటు పారినట్టు. మన ప్రాంతపు ఇసుకరాళ్లలో కొలిస్తే ఎక్కువగా ఉత్తరం, వాయవ్యమే వచ్చాయి. 27 కోట్ల ఏళ్ల కిందట మనకు తూర్పున బంగాళాఖాతం లేదు, అంటార్కిటికా ఆనుకుని ఉండేది. ఎత్తు అటు, పల్లం ఇటు. గోదావరి వెనక్కి తిరగలేదు, అది వేరే ఏరు.

తవ్వి పోసిన డంప్‌లో పడ్డ బండను మాత్రం కొలవకండి, ఏ మూలకు తిరిగిందో ఎవరికి తెలుసు? బెంచ్‌లో, అంటే గని తవ్విన మెట్టులో, కదలని రాయే కావాలి. పొర మొత్తం ఎంత వంగిందో అదీ లెక్కలోంచి తీసేయాలి.

ఇల్లెందు టీచర్
బొగ్గు పక్క షేల్‌లో, అంటే పలకలుగా ఊడే బురదరాయిలో, నాలుకలాంటి ఆకుల అచ్చులు చూడండి, గ్లాసాప్టెరిస్ అనే అంతరించిన చెట్టువి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన స్కాట్ బృందం చివరిదాకా మోసిన రాళ్లలో ఉన్నదీ ఆ ఆకే. ఇంకా కిందికెళ్తే, బొగ్గు కంటే పాతవైన తాల్చిర్ అనే రాతి పొరల్లో మంచు గీరిన గులకరాళ్లు. మంచిర్యాల ఎండలో ఈ మాట చెబితే మా పిల్లలు పడీ పడీ నవ్వారు.

పాత ఓవర్‌మన్
దిక్కు చూడ్డానికని ఫోన్ పట్టుకుని ఒక్కడివే హైవాల్ (గని నిట్టనిలువు గోడ) కిందికి పోకు తమ్ముడూ. చెప్పి వెళ్లు.

డంపర్‌మనిషి
సర్వే సారుతోనే వెళ్లా అన్నా. షావెల్ (తవ్వే యంత్రం) దగ్గర ఇనుముకి ఫోన్ దిక్సూచి గిర్రున తిరిగింది. దూరం జరిగి చూస్తే తొమ్మిది చోట్ల ఏడు ఉత్తరం పక్కకే దిగాయి, రెండు తూర్పుకి. వంకర్లు తిరిగే ఏరు అంతేనన్నారు సారు. ఆకు రాయే దొరకలేదు. ఈ వారం నైట్ షిఫ్ట్, అయ్యాక వెతుకుతా.