స్ట్ర్‌టోక్ నేనిచ్చిన స్ట్రింగ్‌నే మార్చేస్తోంది: ముందుగా తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు)

నమస్కారమండీ. మా ఆఫీసు క్యాబ్‌ల దారులను చదవడానికి సీ భాషలో చిన్న ప్రోగ్రాము రాశాను. ఒక్కో దారి "మారతహళ్లి,బెళ్లందూరు,సిల్క్ బోర్డు" అని కామాలతో వస్తుంది. దాన్ని స్ట్ర్‌టోక్ అనే లైబ్రరీ ఫంక్షనుతో విడదీసి స్టాపులన్నింటినీ సర్వరుకు పంపుతాను. నెట్‌వర్కు తెగితే అదే స్ట్రింగ్‌తో మళ్లీ మొదలుపెట్టాలి. కానీ రెండోసారి మారతహళ్లి ఒక్కటే వెళుతోంది. లోపం నెట్‌వర్కులోనే ఉందనుకుని రెండు రాత్రులు వెతికాను. చివరికి ఫంక్షనుకు ముందూ తర్వాతా ఆ వేరియబుల్‌ను ప్రింట్ చేసి చూస్తే, ముందు మూడు పేర్లూ ఉన్నాయి, తర్వాత మొదటిది మాత్రమే మిగిలింది. చదవమని ఇచ్చినదాన్ని లైబ్రరీ ఇలా మార్చడం సబబేనా? ఏ ఫంక్షను మారుస్తుందో ముందే ఎలా గుర్తించాలి?

జవాబు 1

మీ పేర్లు ఎక్కడికీ పోలేదండీ, మెమరీలోనే ఉన్నాయి. స్ట్ర్‌టోక్ కామా ఉన్నచోట సున్నా బైటు రాస్తుంది. సీలో స్ట్రింగ్ సున్నా బైటు దగ్గరే ముగుస్తుంది కాబట్టి, మొదటి కామా తర్వాతి భాగం ప్రింట్‌కు గానీ రెండో ప్రయత్నానికి గానీ కనబడదు. కోడ్‌లో కొటేషన్ గుర్తుల మధ్య రాసిన స్ట్రింగ్‌ను నేరుగా ఇస్తే ఇంకా ప్రమాదం: లినక్స్‌లో సాధారణంగా సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో ప్రోగ్రాము అక్కడే ఆగిపోతుంది.

ముందుగా చూడవలసింది ఫంక్షను డిక్లరేషన్. స్ట్రింగ్ పొడవు చెప్పే స్ట్ర్‌లెన్ తీసుకునే పాయింటరు ముందు కాన్‌స్ట్ ఉంటుంది, అంటే ఇచ్చినదాన్ని మార్చనన్న హామీ. స్ట్ర్‌టోక్ మొదటి పారామీటరుకు అది ఉండదు, కామాలను తెలిపే రెండోదానికి మాత్రం ఉంటుంది. కాన్‌స్ట్ లేనిచోట మాన్యువల్ పేజీ చదవక తప్పదు. ఫైలు పాత్ నుంచి ఫోల్డరు పేరునూ ఫైలు పేరునూ విడిగా ఇచ్చే డిర్‌నేమ్, బేస్‌నేమ్ ఫంక్షన్లు ఇచ్చిన పాత్‌ను మార్చవచ్చునని యూనిక్స్ తరహా సిస్టమ్‌ల పోసిక్స్ ప్రమాణమే అనుమతిస్తోంది కనుక, మీ యంత్రంలో మారలేదని ధీమాగా ఉండకండి.

ప్రతి ప్రయత్నానికీ స్ట్ర్‌డప్‌తో నకలు తీసి, దాన్ని విడదీసి, పని కాగానే ఫ్రీ చేయండి. దాని మరో రూపమైన స్ట్ర్‌టోక్_ఆర్‌కు మారితే సరిపోతుందని కొందరంటారు, అది సరికాదు: అది ఎంతవరకు విడదీశామన్న గుర్తును మన చేతికిస్తుంది, థ్రెడ్ల మధ్య గందరగోళాన్ని తప్పిస్తుంది, అంతే. స్ట్రింగ్‌ను అదీ మారుస్తుంది.

జవాబు 2

సబబేనా అన్న ప్రశ్నకు నా అభిప్రాయం: మార్చడంలో తప్పు లేదు, మార్చినట్టు తెలియనివ్వకపోవడమే తప్పు. పైథాన్‌లో లిస్టుకున్న సార్ట్ మెథడ్ ఆ లిస్టునే మార్చి నన్ (None, అంటే ఏమీ లేదు) తిరిగి ఇస్తుంది, కాబట్టి కొత్త లిస్టు వచ్చిందని ఎవరూ పొరబడరు. కొత్తది కావాలంటే సార్టెడ్ విడిగా ఉంది. జావాస్క్రిప్ట్ సార్ట్ మాత్రం మార్చిన అర్రేనే తిరిగి ఇస్తుంది గనుక, దాన్ని వేరే పేరులో పెట్టుకున్నవాళ్లు పాతది భద్రంగా ఉందనే అనుకుంటారు. మార్చకుండా కొత్త అర్రే ఇచ్చే టూసార్టెడ్ ఆ భాషా ప్రమాణంలోకి 2023లో గానీ రాలేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలండీ. పంపే ఫంక్షను లోపలే నకలు తీశాను. ఇప్పుడు నెట్‌వర్కు తెగినా రెండోసారి మూడు స్టాపులూ వెళుతున్నాయి. డిర్‌నేమ్ మాట చదివాక పాత కోడ్ తిరగేస్తే, లాగ్‌లో ఫైలు పూర్తి పాత్ బదులు ఫోల్డరు పేరే ఎందుకు పడుతోందో కూడా అర్థమైంది. అక్కడా నకలు పెడుతున్నాను.