నస్కల్ డెక్కనోలెస్టిస్: కోతులకు మూలమా, కాదా?

వికారాబాద్_వాసి:
కోతుల వంశం మా జిల్లా నస్కల్‌లో దొరికిన డెక్కనోలెస్టిస్‌తోనే మొదలైందని వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. చుంచెలుకంత జంతువు, చెట్ల మీద పురుగులు తిని బతికేదట, దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాటిది. 1988లో శిలాజ శాస్త్రవేత్తలు జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని దీన్ని ప్రకటించారని తెలుసు. కోతుల సంగతి నిజమేనా?

చెట్టుకొమ్మ:
పూర్తిగా గాలివార్త కాదండీ. 1994లో గోడినో, ప్రసాద్ మడమ దగ్గరి ఎముకలు చూసి, ఇది కొమ్మలు పట్టుకుని ఎక్కేదని తేల్చారు. 2010లో బోయర్ బృందం మోచేతి ఎముకలు కూడా చూసి, ప్రైమేట్లు (కోతులు, మనుషుల వర్గం), ట్రీష్రూలు (ఉడతల్లా కనిపించే చిన్న జంతువులు) ఉన్న గుంపుకు దగ్గరిది కావచ్చంది.

రాళ్లపిచ్చి:
ఆ బృందంలోని ప్రసాద్, గోస్వామి, బోయర్లే మరికొందరితో కలిసి 2011లో ఇంకో పేపర్ రాశారు. అది మాత్రం వాట్సాప్ దాకా రాలేదు! బోలెడు జంతువుల లక్షణాలు పక్కపక్కన పెట్టి పోలిస్తే, డెక్కనోలెస్టిస్ ఆఫ్రికా, యూరప్‌లలో బతికి అంతరించిన అడాపిసోరిక్యులిడ్లు అనే చిన్న క్షీరదాల సరసన చేరింది. ఆవుకూ ఎలుకకూ మనిషికీ ఉమ్మడి మూలం పుట్టకముందే విడిపోయిన కొమ్మ అది. చెట్టెక్కితే చుట్టరికం కలుస్తుందా? ఉడతా ఎక్కుతుంది.

చెట్టుకొమ్మ:
మరి ఆ ఎముకల మాటేంటి?

రాళ్లపిచ్చి:
అవి దొరికిన తీరు చూడండి. పూర్తి అస్థిపంజరం లేదు. లావా పొరల మధ్య ఇరుక్కున్న మట్టిని నానబెట్టి, జల్లెడ పట్టి, మిగిలినదాన్ని మైక్రోస్కోప్ కింద ఏరితే విడివిడిగా పళ్లు, ఎముక ముక్కలు. దవడ పన్ను రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. మడమ ఎముక దీనిదేనని ఎలా అన్నారంటే, సైజు సరిపోయింది, అక్కడ దీని పళ్లే ఎక్కువ దొరికాయి. చెట్టెక్కేదంటే ఒప్పుకుంటాను. బంధుత్వానికి ఆ సాక్ష్యం చాలదు.

హరిత:
అప్పటికి ఇండియా సముద్రం మధ్య ఉంది కదా? ఆఫ్రికాలో చుట్టాలెలా ఉన్నాయి?

రాళ్లపిచ్చి:
అది తెగని పంచాయితీ. మొరాకోలో దొరికిన ఆఫ్రోడాన్ అనే అడాపిసోరిక్యులిడ్ నస్కల్ జంతువు కంటే తర్వాతి కాలానిది. అందుకే ఇక్కణ్నుంచే అటు వెళ్లాయనేవాళ్లున్నారు. నాకది తొందరపాటు అనిపిస్తుంది. ఆఫ్రికాలో ఆ ముందటి కాలపు చిన్న క్షీరదాల శిలాజాలు దొరికిందే చాలా తక్కువ.

హరిత:
వెళ్లినా వచ్చినా నీళ్లు దాటాల్సిందేగా!

రాళ్లపిచ్చి:
ఉత్తరాన కోహిస్థాన్–ద్రాస్ అగ్నిపర్వత దీవుల వరస ఉండేది, దాని మీదుగా రాకపోకలు జరిగాయని ఒక వాదన. నేను అటే మొగ్గుతాను. ఇంత చిన్న జంతువు కొట్టుకుపోయే చెట్టు పట్టుకుని దీవి నుంచి దీవికి చేరడం అసాధ్యమేమీ కాదు.