గ్రాహమ్స్‌టౌన్‌కి మఖండా పేరు పెట్టడం న్యాయమేనా?

తుంగభద్ర: దక్షిణాఫ్రికాలో గ్రాహమ్స్‌టౌన్ పేరును 2018లో మఖండా అని మార్చారు. 1812లో ఆ ఊరు పెట్టింది బ్రిటిష్ సైన్యాధికారి కల్నల్ జాన్ గ్రాహమ్. 1819లో వేలమందితో దాని మీదకు దండెత్తినవాడు షోసా యోధుడు మఖండా. ఊరి మీద పడ్డవాడి పేరు ఊరికి పెట్టడం నాకైతే మింగుడు పడట్లేదు.

నల్లరేగడి: ఊరు పెట్టాడా, దండు దింపాడా? అది జూర్‌వెల్డ్ అనే మేత భూమి. అక్కడి స్థానిక ఆఫ్రికన్లైన షోసా జనాన్ని, సుమారు 20,000 మందిని, పైర్లు నాశనం చేసి మరీ ఫిష్ నది అవతలికి తరిమారు. ఆ పని నడిపించింది గ్రాహమే. తర్వాత ఒక బోయర్ (డచ్ సంతతి) రైతు వదిలేసి వెళ్లిన పొలంలో కంటోన్మెంట్ వేశారు. వాళ్లలో తగినంత భయం పుట్టించడానికి ఎంత అవసరమో అంతే రక్తం చిందించామని అక్కడి బ్రిటిష్ గవర్నర్ క్రెడాక్ లండన్‌కు రాశాడు కూడా. అదండీ మీ శంకుస్థాపన!

తుంగభద్ర: ఒప్పుకుంటా. కానీ దండు విడిదిని ఊరుగా మార్చింది 1820లో వచ్చిన సుమారు 4,000 మంది బ్రిటిష్ వలసదారులు. పాపం, సరిహద్దుకు అడ్డుగోడగా ఉంటారని వాళ్లను తెచ్చారు, ఆ సంగతి వాళ్లకు చెప్పలేదు. గోధుమకు తెగులు తగిలి వ్యవసాయం దెబ్బతింది. చాలామంది గ్రాహమ్స్‌టౌన్ చేరి ఏనుగు దంతాలు, తోళ్ల వ్యాపారంలో పడ్డారు. వాళ్ల కష్టానికి లెక్క లేదా?

బెజవాడ_బాబాయ్: పేరు సరే, నీళ్ల సంగతేంటి? పేరు మారిన మరుసటి ఏడాదే అక్కడ నీటికి కటకట. ఒక స్వచ్ఛంద సంస్థ వచ్చి బోర్లు వేయాల్సి వచ్చింది.

నల్లరేగడి: బాబాయ్, పాత పేరుంటే వానలు పడేవా? తుంగభద్ర గారూ, మఖండా ఊరికే దండెత్తలేదు. 1818లో షోసా నాయకులు ఇద్దరు కొట్టుకుంటే, బ్రిటిష్ వాళ్లు ఓడినవాడి పక్షాన దిగి, గెలిచిన న్దలాంబే మనుషుల పశువులను తోలుకుపోయారు, సుమారు 23,000. పశువులే ఆస్తిగా బతికేవాళ్లు ఊరుకుంటారా? 1819 ఏప్రిల్ 22న పట్టపగలే వచ్చారు. తుపాకుల ముందు నిలవలేకపోయారు. తర్వాత మఖండా తనంతట తానే లొంగిపోయాడు. ఖైదీగా రాబెన్ దీవికి పంపితే, తప్పించుకుపోతూ సముద్రంలో మునిగి చనిపోయాడు.

సీమ_సుబ్బడు: మీరిద్దరూ బూసాక్‌ని వదిలేశారు. ఆ రోజు ఊళ్లోని బ్రిటిష్ దండులో ఉన్నది 350 మంది దాకా. పోరు మధ్యలో ఈ ఖోయ్ (అక్కడి మరో స్థానిక తెగ) నాయకుడు సుమారు 130 మంది వేటగాళ్లతో వచ్చి పడబట్టే ఊరు నిలబడింది. అతని గురి షోసా నాయకుల మీదే. గ్రాహమ్ అయితే అప్పటికి ఆ ఊళ్లోనే లేడు. ఊరిని కాపాడినవాడి పేరే పెట్టాలంటే బూసాక్ పేరు పెట్టాలి. ఆ మాట ఎవరూ ఎత్తరు, ఎందుకంటే అతను తెల్లవాళ్ల కథలోనూ పూర్తిగా ఇమడడు, షోసాల కథలో అయితే శత్రువు.

తుంగభద్ర: బూసాక్ అంటే నాకు అభ్యంతరం లేదు. అన్నట్టు, ఆ ఊళ్లోనే ఉన్న విశ్వవిద్యాలయానికి బ్రిటిష్ సామ్రాజ్యవాది సెసిల్ రోడ్స్ పేరు అలాగే ఉంచాలని 2017లో పాలకమండలి ఓటేసింది. దానికేమంటారు నల్లరేగడి గారూ?