ఈమెయిల్ మార్కెటింగ్‌లో మనల్నే వెతుక్కుంటూ రావాలంటే దేని మీద పట్టు సాధించాలి?

మెయిల్‌మనిషి అడిగారు:
న్యూస్‌లెటర్లు, ఆఫర్ మెయిల్స్, వెల్‌కమ్ సీక్వెన్స్‌లు (కొత్తగా చేరినవాళ్లకి వరుసగా వెళ్లే మెయిల్స్) అన్నీ చేయడం వచ్చు. కానీ క్లయింట్లు "నెలకి ఎనిమిది మెయిల్స్ రాసిపెట్టడానికి ఎంత తీసుకుంటారు?" అన్న దగ్గరే ఆగిపోతున్నారు. తర్వాత అంతా బేరమే. "ఈ పని ఫలానా వాళ్లే చేయాలి" అనిపించుకునే స్థాయికి చేరాలంటే ఏం చేయాలి? టూల్ కంపెనీల సర్టిఫికెట్లు, లింక్డిన్‌లో రోజూ పోస్టులు... వీటివల్ల ఉపయోగం ఉందా?

డీఎన్ఎస్_దాదా:
సర్టిఫికెట్ ఉంటే ఆ టూల్‌లో ఏ బటన్ ఎక్కడుందో మీకు తెలుసని అర్థం, అంతకు మించి ఏమీ లేదు. "ఈమెయిల్‌కి సంబంధించి అన్నీ చేస్తాను" అనేవాళ్ల కోసం ఎవరూ వెతకరండీ. మెయిల్స్ స్పామ్‌లో పడి ఆర్డర్లు ఆగిపోయినప్పుడు మాత్రం అర్ధరాత్రి కూడా వెతుకుతారు. అందుకే నన్నడిగితే డెలివరబిలిటీతో, అంటే మెయిల్స్ స్పామ్‌లో కాకుండా ఇన్‌బాక్స్‌లో పడేలా చూడటంతో మొదలుపెట్టమంటాను.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నిబంధనలు బిగించాయి. జీమెయిల్ ఖాతాలకి రోజుకి 5,000 మెయిల్స్ పంపే డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ (ఆ డొమైన్ తరఫున ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే జాబితా), డీకిమ్ (మెయిల్‌కి వేసే డిజిటల్ సంతకం), డీమార్క్ (ఆ రెండిట్లో ఏదీ ఫ్రమ్ అడ్రస్ డొమైన్‌తో కలవకపోతే మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే పాలసీ) మూడూ ఉండాల్సిందే. ప్రచార మెయిల్స్ నుంచి ఒక్క క్లిక్‌తో తప్పుకునే వీలుండాలి. స్పామ్ ఫిర్యాదులు 0.1 శాతం లోపు ఉంచుకోవాలి, 0.3కి ఎప్పుడూ చేరకూడదు. అంటే ఇన్‌బాక్స్‌కి చేరిన 10,000 మెయిల్స్‌లో 30 మంది స్పామ్ బటన్ నొక్కితే చాలు, ప్రమాదంలో పడ్డట్టే.

చాలామంది తికమకపడే చోటు ఒకటుంది. జీమెయిల్‌లో మెయిల్ తెరిచి, మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కండి. ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, కానీ డీమార్క్ ఫెయిల్ అని ఒక్కోసారి కనిపిస్తుంది. కారణం, ఆ రెండూ పాస్ అయింది మెయిల్ పంపే టూల్ డొమైన్ మీద. ఫ్రమ్ అడ్రస్‌లో ఉన్నది క్లయింట్ డొమైన్. రెండిట్లో కనీసం ఒకటైనా ఫ్రమ్ డొమైన్‌తో కలవాలి. టూల్ సెట్టింగ్స్‌లో సొంత డొమైన్‌తో డీకిమ్ ఆన్ చేసి, అది ఇచ్చే రికార్డుల్ని డీఎన్ఎస్‌లో (డొమైన్ రికార్డులు ఉండే చోట) పెడితే తీరిపోతుంది. ఇంకోటి, ఎప్పుడో వదిలేసిన టూల్స్‌ని చేర్చిన ఎంట్రీలు (ఇన్‌క్లూడ్‌లు) ఎస్‌పీఎఫ్‌లో పేరుకుపోయి, దాన్ని చదవడానికి డీఎన్ఎస్‌లో చేయాల్సిన వెతుకులాటలు (లుకప్‌లు) 10 దాటితే పర్మ్‌ఎర్రర్ (శాశ్వత లోపం) వస్తుంది. ఇక ఆ రికార్డు ఉన్నా లేనట్టే.

డీమార్క్‌ని మొదటి రోజే రిజెక్ట్‌లో, అంటే ఫెయిలైన మెయిల్‌ని తిప్పికొట్టమనే పాలసీలో పెట్టకండి. 'నన్' (మెయిల్‌ని ఏమీ చేయొద్దు, రిపోర్టులు మాత్రం పంపమనే) పాలసీతో మొదలుపెట్టి కొన్ని వారాలు రిపోర్టులు చూడండి. క్లయింట్ డొమైన్ పేరుతోనే ఇన్‌వాయిస్‌లు పంపే సాఫ్ట్‌వేర్, సపోర్ట్ టికెట్ల సిస్టమ్ లాంటివి అందులోనే బయటపడతాయి. తొందరపడితే క్లయింట్ బిల్లులే ఎవరికీ చేరవు. ఆ దెబ్బకి మీ పేరూ పోతుంది.

లెక్కల_పంతులు:
దాదా గారితో సగమే ఏకీభవిస్తాను. మెయిల్స్ ఇన్‌బాక్స్‌లో పడటం మొదలయ్యాక మీతో పనేముంటుంది? క్లయింట్ నిలబడాలంటే మీవల్ల అదనంగా ఎంత వచ్చిందో చూపించాలి.

ఓపెన్ రేట్ (మెయిల్ తెరిచినవాళ్ల శాతం) చూపించి ఒప్పించే రోజులు పోయాయి. 2021 సెప్టెంబర్‌లో ఆపిల్ మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్ వచ్చాక, మనిషి చూడకపోయినా ఇమేజ్‌లు ముందే లోడ్ అయిపోయి, మెయిల్ తెరిచినట్టే లెక్కలోకి వస్తోంది. ఆఫీసు మెయిల్స్‌లో సెక్యూరిటీ స్కానర్లే లింకులు క్లిక్ చేస్తాయి కాబట్టి క్లిక్‌లనీ గుడ్డిగా నమ్మలేం.

హోల్డౌట్ పెట్టండి. ఉదాహరణకి 40,000 మంది లిస్ట్‌లో యాదృచ్ఛికంగా 4,000 మందిని తీసి, వాళ్లకి ఆ క్యాంపెయిన్ పంపకండి. మెయిల్ అందిన 36,000 మందిలో 540 మంది కొన్నారనుకుందాం, అంటే 1.5 శాతం. అందనివాళ్లలోనూ 40 మంది కొన్నారు, 1 శాతం. తేడా అర శాతం, అంటే మెయిల్ తెచ్చిన అదనపు ఆర్డర్లు 180. మొత్తం 540 మన ఖాతాలో వేసుకోవడం అబద్ధం! 180 అని చెప్పేవాళ్లనే ఫైనాన్స్ వాళ్లు మళ్లీ పిలుస్తారు. లిస్ట్ మూడు నాలుగు వేలే ఉంటే మాత్రం ఒక్క క్యాంపెయిన్‌తో తేల్చకండి, ఆ తేడా కేవలం యాదృచ్ఛికం కావచ్చు.

మెయిల్‌మనిషి:
మరి ఇవన్నీ వచ్చని బయటివాళ్లకి తెలిసేదెలా? క్లయింట్ల డేటా బయటపెట్టలేం కదా.

వారానికొక్కటి:
క్లయింట్ల డేటా అక్కర్లేదు. మీరు ఎంచుకున్న రంగంలోని ఓ ఇరవై బ్రాండ్లకి సబ్‌స్క్రైబ్ అవ్వండి. వాళ్లు మీకు పంపిన మెయిల్స్‌నే విప్పి రాయండి. వెల్‌కమ్ మెయిల్ ఎన్ని నిమిషాలకి వచ్చింది, కార్ట్ వదిలేస్తే ఏం వచ్చింది, ఎన్నిసార్లు, హెడర్స్‌లో (మెయిల్ వెనకుండే సాంకేతిక వివరాల్లో) ఏముంది. మెయిల్ హెచ్‌టీఎమ్ఎల్ కోడ్ దాదాపు 102 కేబీ దాటితే జీమెయిల్ చివరి భాగాన్ని కత్తిరిస్తుంది. అన్‌సబ్‌స్క్రైబ్ లింక్ ఉండేది అక్కడే. అది కనపడక పాఠకుడు స్పామ్ నొక్కుతాడు. ఇలాంటిది స్క్రీన్‌షాట్‌తో, ఎగతాళి లేకుండా వివరిస్తే, ఆ రంగంలో పనిచేసేవాళ్లు తమ మెయిల్ సైజు వెంటనే చూసుకుంటారు. రోజుకో నీతివాక్యం పోస్ట్ చేసేకన్నా ఇలాంటిది వారానికొకటి చాలు.

పని అమ్మేటప్పుడు "నెలకి ఇన్ని మెయిల్స్" అనకుండా, ముందు ఒక ఆడిట్ డబ్బు తీసుకుని చేయండి. గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్ (జీమెయిల్‌లో స్పామ్ ఫిర్యాదుల శాతం చూపించేది) యాక్సెస్, డీఎన్ఎస్ రికార్డులు, గత 90 రోజుల క్యాంపెయిన్ రిపోర్టులు, లిస్ట్ ఎలా పోగయిందో వివరం, ఈ నాలుగూ అడగండి. ఇచ్చే రిపోర్ట్‌లో తప్పులు యాభై ఏకరువు పెట్టొద్దు. ముందు సరిచేయాల్సిన మూడు, ఎవరు చేయాలి, ఎంత సమయం పడుతుంది అన్నవి చాలు.

లిస్ట్ కొన్నదని తేలితే పని ఒప్పుకోకండి. అందులో స్పామ్ ట్రాప్ అడ్రస్‌లు (స్పామ్ పంపేవాళ్లని పట్టుకోవడానికి పెట్టినవి) ఉండే అవకాశం ఎక్కువ. డొమైన్ దెబ్బతిన్నాక నింద మీ మీదకే వస్తుంది.