పీతల ప్రవర్తన మీద ఎంఎస్సీ ప్రాజెక్ట్: వైజాగ్‌లో ఉండి చేయొచ్చా?

భీమిలి_గాలి అడిగారు:

అందరికీ నమస్తే. వైజాగ్‌లో ఎంఎస్సీ జువాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. నెలాఖరులోపు ప్రాజెక్ట్ టాపిక్ ఇచ్చేయాలి. క్లాసులో సగం మంది నీటి నాణ్యత తీసుకున్నారు, మిగతావాళ్లు చేపల్లో పరాన్నజీవులు. నాకేమో బిహేవియరల్ ఎకాలజీ మీద మనసు, అంటే ఒక జీవి ఒక పని ఎందుకు చేస్తోంది, దానివల్ల దానికి ఒరిగేదేంటి అన్న వైపు. అదీ పులులూ ఏనుగులూ కాదు, సాలీళ్లు, పురుగులు, పీతలు.

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట, పోటు తీశాక బురద మీద ఒక డెక్క మాత్రం పెద్దగా ఉండే బుల్లి పీతలు బయటికొస్తాయి కదా, అవి డెక్క ఊపడం మీద చేస్తానంటే మా గైడ్ "కూర్చుని చూడటం ప్రాజెక్ట్ ఎలా అవుతుందమ్మా, ల్యాబ్ వర్క్ ఏదైనా పెట్టు" అన్నారు. ఇంట్లో నాన్న అయితే "పీతల్ని చూడ్డానికి ఎంఎస్సీ ఎందుకే" అని ఒకటే నవ్వు.

పరికరాలేవీ లేకుండా, ఫోనూ నోట్‌బుక్కూ పెట్టుకుని ఇలాంటిది నిజంగా చేయొచ్చా? మన దేశంలో ఎవరైనా చేస్తున్నారా? తర్వాత దారేంటి? కొంచెం టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

ఎర్రమట్టి_దిబ్బ:

చెల్లీ, మాదీ వైజాగే, ఇప్పుడు బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను. మీ గైడ్ మాటలో కొంత నిజం ఉంది. మీరు చెప్పిన ఆ పెద్ద డెక్క పీతల్నే ఫిడ్లర్ పీతలంటారు. "ఫిడ్లర్ పీతల ప్రవర్తన, ఒక అధ్యయనం" అని పట్టుకెళ్తే నేనైనా వద్దనే అంటాను. "ఆడ పీత దగ్గరికి వచ్చినప్పుడు మగది డెక్క ఊపే వేగం పెరుగుతుందా" అని అడగండి, కాదనడం ఆయనకే కష్టం. ఎందుకంటే దానికి 'లేదు' అనే జవాబు కూడా రావచ్చు, లెక్కపెట్టొచ్చు, పోల్చొచ్చు.

అసలు ఆ డెక్క కథే వేరు. మగ పీత చిన్న డెక్కతో బురద గీరి నోట్లో పెట్టుకుంటుంది, తినదగ్గది లోపలే జల్లించుకుని మిగిలిన మట్టిని ఉండ చేసి కింద వదిలేస్తుంది. ఆడదానికి రెండూ చిన్నవే, రెండు చేతులా తింటుంది. మగదానికి ఆ వీలు లేదు, పెద్ద డెక్క తిండికి ఎందుకూ పనికిరాదు, పైగా ఒంటి బరువులో దాదాపు సగం దాకా తూగుతుంది. అంత బరువు మోస్తూ ఒంటి చేత్తో తింటోందంటే వేరే లాభం ఉండి తీరాలి. ఆడదాన్ని పిలవడానికీ, బొరియ దగ్గరికొచ్చిన మగదాన్ని తరమడానికీ అదే ఆయుధం.

ఇందులో మోసం కూడా ఉంది. పోట్లాటలో పెద్ద డెక్క ఊడిపోతే మళ్లీ మొలుస్తుంది, కానీ కొన్ని జాతుల్లో ఆ కొత్తది పొడుగ్గా ఉన్నా తేలిక, కండ తక్కువ, బలం తక్కువ. ప్యాట్రిషియా బ్యాక్‌వెల్ బృందం 2000లో రాయల్ సొసైటీ పత్రికలో వేసిన పేపర్ చదవండి. చూపుకి ఎదుటి మగదీ పోల్చుకోలేదు, ఆడదీ పోల్చుకోలేదు. నిజంగా కలియబడితేనే బండారం బయటపడుతుంది. మరి ఊపులో ఏమైనా తేడా ఉంటుందా? తేలిక డెక్క కాబట్టి ఎక్కువసేపు ఊపగలదా? మీ ప్రాజెక్టుకి ఇదొక్కటే సరిపోతుంది.

ఆ బ్యాక్‌వెల్ గారే జెన్నియన్స్‌తో కలిసి 2004లో నేచర్ పత్రికలో ఇంకోటి రాశారు, అది ఆస్ట్రేలియా పీతల మీద. పక్క బొరియలోని చిన్న మగదాని మీదికి బయటి పీత దండెత్తితే, పెద్ద పీత తన బొరియ వదిలి వెళ్లి మరీ పొరుగుదాని తరఫున పోట్లాడుతుంది. జాలి అనుకునేరు, కాదు. ఆ చిన్నదానితో హద్దుల గొడవ ఎప్పుడో తేలిపోయింది, దాని స్థానంలో బలమైన కొత్తది దిగితే మళ్లీ మొదటి నుంచీ కొట్టుకోవాలి. మన వీధిలో గోడ తగాదా తీరిన పక్కింటాయన ఇల్లు అమ్మకుండా ఉంటే బాగుణ్ణు అనుకోమూ, అలాగన్నమాట.

పని పద్ధతి: ఫోన్ స్టాండ్ మీద పెట్టి వీడియో తీయండి, మీరు మాత్రం కదలకండి. నీడ పడితే చాలు అన్నీ లోపలికి దూరతాయి, మళ్లీ వచ్చేదాకా ఓపిక పట్టాల్సిందే. బొరియ పక్కన నంబరు రాసిన ఐస్‌క్రీమ్ పుల్ల గుచ్చితే ఒకే పీతని రెండుసార్లు లెక్కపెట్టరు. డెక్క కొలవడానికి వెర్నియర్ క్యాలిపర్స్ మీ ల్యాబ్‌లోనే దొరుకుతాయి. పోటు, పాటు వేళలు ముందే చూసుకోండి. చాలా ఫిడ్లర్ జాతుల్లో ఈ హడావిడి అమావాస్య, పున్నమి పోట్ల లెక్కన పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి ఒకే వారం చూసి తీర్మానం చేయొద్దు.

చెరువుగట్టు_కుర్రాడు:

మాది గాజువాక, పని భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద. ముందు చేదు మాట చెప్తానండి. "బిహేవియర్ చేశాను" అంటే ఏ కంపెనీ హెచ్‌ఆర్‌కీ అర్థం కాదు. ఉద్యోగం త్వరగా కావాలంటే పీసీఆర్ (డీఎన్‌ఏ చూసి రొయ్యల జబ్బులు పట్టే పరీక్ష) నేర్చుకుని, రొయ్య పిల్లల్ని పుట్టించే హ్యాచరీలో చేరడం సులువు.

కానీ ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2009లో మన దేశంలో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చింది, దాన్ని పెంచే మా రైతుకి ఖర్చులో పెద్ద వాటా మేతదే. మేత ఎంత వేయాలన్నది రొయ్య ప్రవర్తన చూసే తేలుస్తాం. చెరువులో మేత వేసి దించే చెక్ ట్రే ఎత్తి చూస్తే మేత మిగిలిందా, రొయ్య పేగు నిండిందా, చురుగ్గా ఎగురుతోందా అన్నీ తెలిసిపోతాయి. మోల్టింగ్ అయిన, అంటే పాత పెంకు విడిచిన రొయ్య మెత్తగా ఉంటుంది, ఆ పూట మిగతావి దాన్నే తినేస్తాయి, గుంపుగా మోల్ట్ అయ్యే రోజుల్లో మేత లెక్క మారిపోతుంది. ఇప్పుడు రొయ్య మేత కొరికేటప్పుడు వచ్చే టిక్ టిక్ చప్పుడు నీళ్లలో మైకుతో విని, దాన్ని బట్టి మేత వదిలే మెషీన్లు కూడా వచ్చాయి. ఎవరో కూర్చుని రొయ్యలు ఎలా తింటాయో వినకపోతే ఆ మెషీన్ పుట్టేదా? కాబట్టి మీ నాన్నగారికి పీతలని చెప్పకండి, రొయ్యల చుట్టాలని చెప్పండి, ఆలకిస్తారు :)

తొట్లకొండ_సాలీడు:

ఫిడ్లర్ పీతలు కుదరకపోతే బీచ్‌లో ఇసుక మీద పరిగెత్తే పీతలు ఉన్నాయి కదమ్మా. బొరియ నోరు ఎంత వెడల్పో కొలిస్తే లోపలి పీత ఎంతదో దాదాపు తెలిసిపోతుంది, పట్టుకునే పనే లేదు. ఆర్కే బీచ్‌లో జనం మధ్య ఉన్న పీత లోపలికి దూరాక ఎంతసేపటికి బయటికొస్తుంది, యారాడలోనో మంగమారిపేట దాటాకో మనుషులు తక్కువగా ఉన్న చోట ఎంతసేపటికి వస్తుంది? స్టాప్‌వాచ్ చాలు. జనానికి అలవాటుపడ్డాయా, ఇంకా బెదురుతున్నాయా అన్నది తేలుతుంది.

నా పిచ్చి మాత్రం సాలీళ్లే. వానలు వెనకబట్టాక తొట్లకొండ వైపు పొదల్లో ఆర్జియోపి సాలీడు గూళ్లు చూడండి, కాళ్లు రెండేసి జత చేసి ఎక్స్ ఆకారంలో కూర్చుంటుంది, గూట్లో తెల్లటి జిగ్‌జాగ్ గీతలు ఉంటాయి. ఆ గీతలు దేనికన్నది ఇప్పటికీ కొట్లాటే. పురుగుల్ని ఆకర్షించడానికని కొందరు, పక్షులు గూట్లో పడకుండా హెచ్చరికని కొందరు, వేటాడేవాటి నుంచి దాక్కోవడానికని ఇంకొందరు. గీతలున్న గూళ్లకీ లేని గూళ్లకీ చిక్కే పురుగుల్ని లెక్కపెట్టడం మీరూ చేయొచ్చు.

ఇంకోటి, మామిడి చెట్ల మీద ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలుంటాయి కదా, వాటిలో కొన్ని చీమలు కావు. దగ్గరగా చూస్తే చీమ వేషం కట్టిన సాలీడు, ముందు కాళ్లు రెండూ పైకెత్తి మీసాల్లా ఆడిస్తూ మిగతా ఆరుతో నడుస్తుంది. మగదానికి దవడలు ఎంత పొడుగంటే, ఒక చీమ ఇంకో చీమని మోసుకెళ్తున్నట్టే ఉంటుంది.

కంబాలకొండ లోపల చేయాలంటే అది అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేకుండా అడుగుపెట్టకండి. కాలేజీ లెటర్ ఇప్పుడే రాయించి పెట్టుకోండి, ఆ కాగితం కదలడానికి టైమ్ పడుతుంది.

భీమిలి_గాలి:

అన్నలకి చాలా థ్యాంక్స్. రొయ్యల చుట్టాలు మాట రాత్రి నాన్నకి చెప్పాను, ఈసారి నవ్వలేదు, "జీతం ఎంత" అన్నారు. ఎర్రమట్టి అన్నా, మన దేశంలో చేసినవాళ్ల ఉదాహరణ ఒకటి ఉంటే గైడ్‌కి చూపిస్తాను.

ఎర్రమట్టి_దిబ్బ:

ఒకటేంటి. బెంగళూరు ఐఐఎస్‌సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) రోహిణి బాలకృష్ణన్ గారి ల్యాబ్ నుంచి 2020లో చెట్టు కీచురాళ్ల పేపర్ వచ్చింది. మగ కీచురాయి ఆకుకి కన్నం కొరికి, అందులోంచి తల బయటపెట్టి, రెక్కలు ఆకుకి ఆనించి కూస్తుంది, ఆకే దానికి లౌడ్‌స్పీకర్. అన్నీ చేయవు, ఒడ్డూ పొడుగూ లేనివి, గొంతు చిన్నవి ఎక్కువగా చేస్తాయి. కూత పెరిగేసరికి ఆడవి వాటి దగ్గరికీ వస్తాయి. అక్కడే రాఘవేంద్ర గడగ్కర్ గారు ఒక కందిరీగ జాతి మీద దశాబ్దాలు పనిచేశారు. మన రాష్ట్రంలోనే కుప్పం చుట్టుపక్కల గుంపుగా బతికే స్టెగోడిఫస్ సాలీళ్ల మీద డెన్మార్క్ వాళ్లు వచ్చి చేశారు, ఆ సాలీళ్లలో పిల్లలు చివరికి తల్లినే తినేస్తాయి. వాళ్లు అంత దూరం నుంచి కుప్పం వస్తుంటే మీకు భీమిలి ఆటో దూరం.

తర్వాత దారి: గేట్ పరీక్షలో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ అని వేరే పేపరే ఉంది, సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ రాయండి, ఐఐఎస్‌సీ, బెంగళూరులోనే ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్, తిరుపతి ఐసర్‌ల వెబ్‌సైట్లు చూస్తూ ఉండండి.

ఒకటి మాత్రం ఇప్పుడే అలవాటు చేసుకోండి, వీడియోలు ఎడిట్ చేయకుండా తేదీతో దాచండి, నోట్‌బుక్ పేజీలు రోజూ ఫొటో తీయండి. గుంపు సాలీళ్ల మీద వచ్చిన తన పేపర్‌లో, సహ రచయిత ఇచ్చిన డేటాలో ఒకే అంకెలు పదే పదే రావడం చూసి కేట్ లాస్కోవ్‌స్కీ 2020లో ఆ పేపర్‌ని ఉపసంహరించుకున్నారు. ఆ తర్వాత అదే సహ రచయిత పేరున్న ఇంకా చాలా పేపర్లు ఉపసంహరణకి గురయ్యాయి. వైవాలో ఎవరైనా "ఈ అంకె ఎక్కడిది" అంటే ఫోన్ తీసి పీతని చూపించేలా ఉండాలి.

గైడ్ దగ్గరికి వెళ్లే ముందు ఒక రోజు ట్రయల్ వీడియో తీసి ఊపులు లెక్కపెట్టి ఒక పట్టిక గీయండి. టాపిక్ పేరు కంటే ఆ పట్టిక ముందు పెట్టండి, ఏమన్నారో ఇక్కడ రాయండి.