20 వేల లోపు కోతకు పనికొచ్చే యూరోపియన్ కత్తి: ఇక్కడ తయారైంది కొనాలా, ఆగాలా?

బెళ్లందూర్_బాబు:
అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, ఉద్యోగం బెంగళూరులో. ఆదివారాలు పార్కులో ఒక చిన్న బ్యాచ్‌తో లాంగ్‌స్వోర్డ్ (రెండు చేతులతో పట్టే పొడవాటి కత్తి) నేర్చుకుంటున్నాను, జర్మన్ పద్ధతి, ఫెడర్ అనే మొద్దంచు సాధన కత్తితో. దెబ్బ తగిలిందో లేదో తెలుస్తోంది కానీ అంచు సరిగ్గా పడుతోందో లేదో ఎవరూ చెప్పలేకపోతున్నారు. అందుకే పదునున్న కత్తితో నానబెట్టిన చాప చుట్టలు, నీళ్ల బాటిళ్లు కోసి చూసుకోవాలని ఉంది. చోటుకి ఇబ్బంది లేదు, మా బావగారికి హోసకోట దగ్గర తోట ఉంది. బడ్జెట్ 20 వేలు, అదీ గట్టిగా లాగితే. డెహ్రాడూన్ విండ్‌లాస్, మీరట్ డీపీకా లాంటి మన దేశపు కంపెనీలవి చూస్తున్నాను. ఏది కొనమంటారు?

వెర్నియర్:
ఇప్పుడే కొనకండి బాబు గారూ. ఈ ధరలో దొరికేవాటిలో చాలావరకు కత్తి ఆకారంలో కోసిన ఇనప పట్టీలే. నిజమైన లాంగ్‌స్వోర్డ్ బ్లేడు పిడి దగ్గర ఐదారు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, మొన వైపు పోయేకొద్దీ సన్నబడుతూ చివర్లో రెండు మిల్లీమీటర్ల దగ్గరికి వస్తుంది. దీన్నే డిస్టల్ టేపర్ అంటారు. మొత్తం బరువు 1.2 నుంచి 1.6 కిలోల మధ్య ఉన్నా చేతిలో తేలిగ్గా తిరగడానికి కారణం అదే. చవక కత్తుల్లో మందం మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటుంది, బరువంతా మొన వైపే లాగుతుంది. దాంతో కోత నేర్చుకుంటే భుజం బలంతో బాదడం అలవాటైపోతుంది. ఒకసారి పడిన అలవాటు పోవడం ఎంత కష్టమో మీకూ తెలుసు. అమెరికాలో కత్తులు చేసే ఆల్బియన్ కంపెనీ లాంటి వాళ్లవి ఒకసారి పట్టుకుంటే నేను చెప్పేది అర్థమవుతుంది. ధర వెయ్యి డాలర్లు దాటుతుంది, కాదనను. డబ్బు కూడబెట్టండి, ఈలోగా ఫెడర్ చాలు.

కమ్మరి_మనవడు:
మనిషి 20 వేలు అని రాస్తే వెయ్యి డాలర్ల కత్తి చూపిస్తారేంటి సార్? పైన షిప్పింగ్, కస్టమ్స్ కలుపుకుంటే అది అతనికి ఎన్ని నెలల జీతం? తమ్ముడూ, విండ్‌లాస్ 1943 నుంచి ఉన్న కంపెనీ, వాళ్ల సరుకు అమెరికా, యూరప్ వెళ్తుంది. మన దగ్గర తయారీదార్లు ఎక్కువగా వాడేది ఈఎన్45 స్ప్రింగ్ స్టీలు, వంచితే మళ్లీ నిటారుగా వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన గోడకి తగిలించే కత్తులు మాత్రం వద్దు, అవి విరుగుతాయి. మిగతాది నీ చెయ్యి. మా తాతగారు కొలిమి దగ్గర కూర్చుని ఎన్ని కొడవళ్లు చేశారో లెక్కలేదు, ఏ కొడవలికీ డిస్టల్ టేపర్ కొలవలేదు, వరి మాత్రం తెగింది.

వెర్నియర్:
వరి వేరు, చాప చుట్ట వేరు. ఇక ఈఎన్45 అంటారా, 5160 అనే స్టీలు దానికంటే మేలు. 5160లో క్రోమియం ఉంటుంది, గట్టిపడేటప్పుడు లోపలి దాకా సమంగా గట్టిపడుతుంది. మంచి పేరున్న కత్తుల్లో ఎన్ని 5160, 6150తో చేసినవో చూడండి.

కమ్మరి_మనవడు:
ఈఎన్45లో సిలికాన్ ఉంటుంది. స్ప్రింగ్ గుణం దానివల్లే వస్తుంది. మేలు అనే మాట ఎక్కడ చదివారో చెప్పండి.

వెర్నియర్:
లోహాల పుస్తకం ఏదైనా తీయండి.

కమ్మరి_మనవడు:
తీశాను. రెండూ స్ప్రింగ్ స్టీళ్లే అని ఉంది. మేలు అని ఎక్కడా లేదు.

తుంగచాప:
అన్నలూ, రెండూ లారీ కమాన్ పట్టీల స్టీళ్లే. జేసీ రోడ్డులో ఏ స్పేర్ పార్టుల షాపులో అడిగినా చెప్తారు. అసలు తేడా తెచ్చేది టెంపరింగ్, అంటే గట్టిపరిచిన స్టీలుని మళ్లీ కొంచెం వేడిచేసి పెళుసుదనం తగ్గించడం. గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 50కి అటూ ఇటూ ఉంటే చాలు. బాబు అడిగింది కోత గురించి.

సేబర్_సుబ్బు:
నన్నడిగితే లాంగ్‌స్వోర్డే వద్దు. 1796 నమూనా బ్రిటిష్ తేలికపాటి అశ్విక సేబర్ కొనండి. ఒంటిచేతి కత్తి, కిలోకి అటూ ఇటూ బరువు, మొన దగ్గర వెడల్పుగా ఉంటుంది, కోతకే పుట్టింది. మన దగ్గర దాని నకళ్లు చేసేవాళ్లు కూడా ఎక్కువే. ఇంకోటి చెప్తాను. కెప్టెన్ నోలన్ అని ఒక బ్రిటిష్ అధికారి (1854లో బాలక్లావాలో చనిపోయాడు) తన 1853 నాటి అశ్వికదళ పుస్తకంలో నిజాం రౌతుల గురించి రాశాడు. రోహిల్లాలతో జరిగిన పోరులో ఆ రౌతులు వేసిన వేట్లు చూసి డాక్టర్లే ఆశ్చర్యపోయారట. ఇవేం కత్తులా అని చూస్తే చాలావరకు బ్రిటిష్ సైన్యం పనికిరావని పక్కన పడేసిన పాత బ్లేడ్లే. నిజాం మనుషులు వాటికి తమ పద్ధతిలో పిడులు వేసి, మంగలికత్తిలా పదును పెట్టి, చెక్క ఒరల్లో ఉంచి, యుద్ధంలో తప్ప బయటికి తీసేవాళ్లు కాదు. ఆంగ్లేయుల కత్తులు ఇనప ఒరల్లో రాసుకుని మొద్దుబారేవి. మన హైదరాబాద్ గుర్రాల మీదే ఈ విషయం తేలిపోయింది: కోసేది పదును.

కమ్మరి_మనవడు:
విన్నారా వెర్నియర్ గారూ? పనికిరావని పడేసిన బ్లేడ్లు!

వెర్నియర్:
పడేసినా అవి సరిగ్గా సాగదీసి, సన్నం చేసి, టెంపర్ చేసిన అసలైన బ్లేడ్లు. నా మాటకే బలం వచ్చింది.

కోరమంగళ_రాణి:
నేనూ లాంగ్‌స్వోర్డే తిప్పుతాను కాబట్టి రెండు మాటలు. బాబు గారూ, లాంగ్‌స్వోర్డ్ నేర్చుకుంటున్నప్పుడు కోత పరీక్ష కూడా దానితోనే చేసుకోవాలి, సేబర్ మంచిదే కానీ మీ ప్రశ్నకి జవాబు చెప్పదు. రెండోది, బొమ్మ బాగుందని మొన సూదిలా ఉన్న రకం కొనకండి. మధ్యయుగపు కత్తుల్ని రకాలుగా విడదీసిన ఓక్షాట్ వర్గీకరణలో పదిహేనో రకం అలా ఉంటుంది, కవచం సందుల్లో పొడవడానికి చేసింది, మధ్యలో వెన్నులా లేచి ఉంటుంది. చాపలో దిగేటప్పుడు ఆ వెన్నే అడ్డుపడుతుంది. పన్నెండు-ఎ, పదమూడు-ఎ రకాలు వెడల్పుగా, పల్చగా, మధ్యలో గాడితో ఉంటాయి. అవి కోతకి. 
బలం గురించి కూడా చెప్పాలి. మా బ్యాచ్‌లో నన్ను "ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా" అని ఊదరగొట్టేవాళ్లు. గట్టిగా కొట్టినప్పుడల్లా బాటిల్ ఎగిరి పడేది. అంచు సరిగ్గా పడినప్పుడు మాత్రం పై ముక్క జారిపోయి కింది సగం నీళ్లతో అలాగే నిలబడి ఉండేది. అందుకే వెర్నియర్ గారు బాదడం అలవాటవుతుందన్న మాట నాకు అబద్ధం అనిపించట్లేదు.

పీణ్య_67:
గ్రైండర్ మీద పదును పెట్టించొద్దు, వేడికి అంచు పాడవుతుంది. ఆకురాయితో ఓపిగ్గా చెయ్యండి, తర్వాత సానరాయి.

బెళ్లందూర్_బాబు:
థాంక్యూ రాణి గారూ. చట్టం సంగతి కూడా ఎవరైనా చెప్తారా? ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

చట్టం_చదవండి:
ఆయుధాల చట్టం 1959, దాని కింద 2016 నిబంధనలు. వాటి షెడ్యూల్‌లో కత్తులు ఐదో కేటగిరీలో ఉన్నాయి. బయటి నుంచి తెప్పిస్తే 10వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ ప్రశ్న వస్తుంది, వెయ్యి డాలర్ల సలహాలు ఇచ్చేవాళ్లు అది కూడా చెప్పాలి. దగ్గర ఉంచుకోవడానికి లైసెన్స్ కావాలా వద్దా అనేది ఆ ప్రాంతానికి 4వ సెక్షన్ కింద నోటిఫికేషన్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. కొనే ముందే పోలీసులను రాతపూర్వకంగా అడగండి, బెళ్లందూరుకీ తోటకీ వేర్వేరుగా. మెట్రోలో, బస్సులో మాత్రం అస్సలు తీసుకెళ్లొద్దు.

కమ్మరి_మనవడు:
దిగుమతి అంటే ఇంత తతంగం. కాబట్టి తమ్ముడూ, మళ్లీ చెప్తున్నా, ఇక్కడిదే కొను, ఆదివారం కొయ్యి. ఈత రాకుండా నీళ్లలో దిగొద్దంటే ఈత ఎప్పుడొస్తుంది? ముందు ఒక వందసార్లు కోస్తే చెయ్యి దానంతట అదే కుదురుతుంది.

వెర్నియర్:
ఇలాంటి సలహాల వల్లే ఈ విద్యకి చెడ్డపేరు వస్తోంది. వందసార్లు తప్పుగా కోస్తే తప్పే చేతికి కుదురుతుంది. ఓపిక లేనివాళ్లు క్రికెట్ ఆడుకోవచ్చు.

కమ్మరి_మనవడు:
ఓపిక గురించి మీరు నాకు చెప్పొద్దు. నేను ఈ ఊళ్లో ఒక బ్యాచ్‌కి వెళ్లేవాణ్ని, పేరు చెప్పను. అక్కడ కోత రోజు వస్తే ముందురోజు చాపలు నానబెట్టేది నేను, తెల్లారి బకెట్లలోంచి తీసి, నీళ్లు కారుతుంటే చుట్టి దారాలు కట్టేది నేను, స్టాండు మోసేది నేను. కోసేది మాత్రం ఇంపోర్టెడ్ కత్తి ఉన్న నలుగురు. ఒక్కసారి ఇవ్వమంటే "ముందు నీ సొంత కత్తి, సరైన కత్తి కొనుక్కో" అన్నారు. సరైన కత్తి అంటే ఏంటో మీరు రాసిన మాటలే వాళ్లూ చెప్పారు, డిస్టల్ టేపర్ అని, 5160 అని. చివరి చాప దాకా ఎదురుచూసి, తెగిన ముక్కలు ఊడ్చి ఇంటికొచ్చేవాణ్ని. ఆ ముక్కలు చూసే నేర్చుకున్నా సార్ నేను. కోత నున్నగా ఏటవాలుగా ఉంటే అంచు నిలిచిందని, గరిటె గుంటలా లోపలికి తవ్వుకుపోయి ఉంటే బ్లేడు మధ్యలో తిరిగిందని. మీ "ఆగండి" అనే మాట వెనక ఏముంటుందో నాకు తెలుసు. డబ్బున్నవాడు కోస్తాడు, లేనివాడు ఊడుస్తాడు.

తుంగచాప:
అన్నా, అది చాలా అన్యాయం.

వెర్నియర్:
మీకు జరిగింది తప్పు. దానికీ నేను చెప్పేదానికీ సంబంధం లేదు. మీరు మీది చెప్పారు కాబట్టి నాదీ చెప్తాను. నా స్నేహితుడొకడు చవకలో ఒక కత్తి కొన్నాడు, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. వాళ్ల డాబా మీద బాటిళ్లు కోస్తున్నాం. ఊపుతుండగా పిడి అతని చేతిలోనే ఉంది, బ్లేడు లేదు. నీళ్ల ట్యాంకు గోడకి తగిలి పడింది. ఆ గోడకి రెండడుగుల దూరంలో వాళ్ల చిన్నమ్మాయి నిలబడి చూస్తోంది. పిడి విప్పి చూస్తే లోపల వేలెడు సన్నటి కడ్డీ, అడ్డపట్టీ (పిడికీ బ్లేడుకీ మధ్య అడ్డంగా ఉండే పట్టీ) కిందే వెల్డింగ్ చేసి ఉంది. అతను ఆ రోజు నుంచి కత్తి ముట్టలేదు. నేనింకా తిప్పుతున్నాను కానీ ఎవరైనా 20 వేలలో కొంటానంటే నాకు ఆ పిల్లే కళ్లముందు కనిపిస్తుంది.

కమ్మరి_మనవడు:
మరి ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది కదా! ఆల్బియన్ ఎందుకు, 5160 ఎందుకు? భయం టాంగ్ గురించి అయితే టాంగ్ గురించి చెప్పండి. అది ధరతో తేలే సంగతి కాదు, విప్పి చూస్తే తేలే సంగతి. తమ్ముడూ, రాసుకో: బ్లేడులోంచి పిడిలోకి దిగే భాగమే టాంగ్. అది వెడల్పుగా పిడి చివరిదాకా పోవాలి. బ్లేడు భుజాలు టాంగ్‌ని కలిసే మూల చతురస్రంగా కోసినట్టు ఉండకూడదు, గుండ్రంగా తిరిగి ఉండాలి, పగులు మొదలయ్యేది ఆ మూలలోనే. చివర్న రివెట్ కొట్టి ఉంటే మంచిది. నట్టు అయితే విప్పి చూడొచ్చు, అదీ మంచిదే, కానీ మర సన్నటి కడ్డీ మీద కాకుండా టాంగ్ చివర్లోనే ఉండాలి. పంపే ముందు ఫొటో అడుగు. ఇవ్వనంటే కొనకు.

వెర్నియర్:
ఇందులో ఒక్క అక్షరం కూడా కాదనను. కానీ టాంగ్ బాగుంటే చాలదు. మొన బరువున్న కత్తి చాపని దాటాక ఆగదు, నేరుగా ముందుకాలి మీదికి వస్తుంది. అందుకే టేపర్ అడుగుతున్నాను. అడ్డపట్టీ నుంచి తూగే బిందువు ఐదు నుంచి పది సెంటీమీటర్ల లోపు ఉండాలి. అంతకు మించితే కొత్తవాడి చేతికి ఇవ్వను. ఒంటరిగా కోయడానికి అసలే ఒప్పుకోను.

కమ్మరి_మనవడు:
"ఇవ్వను", "ఒప్పుకోను". ఎవరండీ ఇచ్చేది? కత్తి అతనిది, తోట వాళ్ల బావగారిది. బరువు గురించి భయపడితే మొదట ఖాళీగా తిప్పమనండి, పల్చటి బాటిళ్లతో మొదలుపెట్టమనండి, వెనక ఎవరూ నిలబడొద్దనండి. నేర్పండి. పర్మిషన్ ఇచ్చే కుర్చీలో కూర్చోకండి.

వెర్నియర్:
పదునున్న కత్తి తిప్పేచోట ఒకరు పర్మిషన్ ఇచ్చే కుర్చీలో కూర్చోవాల్సిందే. ఆ కుర్చీ డబ్బున్నవాడికే ఎందుకు అంటే, అక్కడ మీతో గొడవ లేదు. కుర్చీయే వద్దంటే మాత్రం నేను ఒప్పుకోను, ఎన్ని పేజీలు రాసినా.

కోరమంగళ_రాణి:
మీ ఇద్దరి గొడవ ఇదే. స్టీలు గురించి ఎందుకు అంత సేపు కొట్టుకున్నారో నాకర్థం కాలేదు.

పీణ్య_67:
అమ్మేవాణ్ని మందం మూడుచోట్ల కొలిచి పంపమనండి. అడ్డపట్టీ దగ్గర, మధ్యలో, మొనకి జానెడు ముందు. అంకెలు ఒకటే ఉంటే వదిలేయండి.

తుంగచాప:
చాపల గురించి ఎవరూ చెప్పలేదు. కేఆర్ మార్కెట్ వైపు కోరై (తుంగ) చాపలు అడగండి. ప్లాస్టిక్ దారంతో నేసినవి వద్దు, నూలు దారం ఉన్నవే తీసుకోండి. రాత్రంతా నానాలి. అరటిబోదె కూడా బాగానే తెగుతుంది కానీ దాని రసం బ్లేడుకి నల్ల మచ్చ పెడుతుంది, వెంటనే తుడిచి నూనె రాయాలి.

బెళ్లందూర్_బాబు:
అందరికీ థాంక్స్. స్టేషన్‌లో ఇచ్చే అర్జీ రేపు రాస్తున్నాను. రెండు కంపెనీలకి టాంగ్ ఫొటో, మూడుచోట్ల మందం, తూగే బిందువు అడుగుతూ మెయిల్ పెట్టాను. పదమూడు-ఎ రకం ఉంటేనే తీసుకుంటాను. వెర్నియర్ అన్నా, కత్తి వస్తే తోటకి మీరు వస్తారా? మనవడు అన్నా, మీరు కూడా.

వెర్నియర్:
వస్తాను. పిడి విప్పి చూశాకే ఎవరైనా ఊపాలి.

కమ్మరి_మనవడు:
నేనూ వస్తాను. చాపలు ఈసారి అందరం కలిసి చుడదాం.

వెర్నియర్:
సరే. ఫొటోలు వచ్చాక ఇక్కడే పెట్టండి బాబూ, మూల ఎలా ఉందో దగ్గరగా తీసి పంపమనండి.

కమ్మరి_మనవడు:
నాకు కూడా ట్యాగ్ చెయ్యి తమ్ముడూ. ఆయన ఒక్కడే చూసి వద్దంటే అది లెక్కలోకి రాదు.